దించని రుమాలు

ఆ రోజు సంత. నేపుల్స్‌లో, అందులోనూ సనితా పేటలో, సంత రోజున సందుల్లోకి స్కూటరు దూరడమే గగనం, ఇక అంబులెన్సు మాట చెప్పాలా? అందుకే బాల్కనీలోంచి తాడుతో రొట్టెల బుట్ట పైకి లాగుతూ లాగుతూ అనియెల్లో గుండె పట్టుకుని కూలబడినప్పుడు, అతని భార్య మద్దలేనా ఫోను జోలికి పోలేదు. పై గదిలో అద్దెకు దిగిన స్వీడన్ మనిషి తలుపు దబదబా బాదింది. లెన్నార్ట్ అని, ఊరు చూద్దామని వచ్చినవాడు. విమానాశ్రయం దగ్గర కారు అద్దెకు తీసుకుని, ఎలాగో సందు మొదటిదాకా తెచ్చి నిలబెట్టి, ఆ ఒక్క ప్రయాణానికే బెదిరిపోయి, అప్పట్నించీ కాలినడకనే తిరుగుతున్నాడు పాపం.

కసాయి కొట్టువాళ్ళు అనియెల్లోను కుర్చీతో సహా మోసుకొచ్చి ఆ కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. మద్దలేనా అతని తల ఒళ్ళో పెట్టుకుని, జేబులోంచి తెల్ల రుమాలు తీసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. ఆ ఊళ్ళో అంతకు మించిన సైరను లేదు. రుమాలు ఊపుతూ, హారను మోగిస్తూ వచ్చే బండిలో ప్రాణం మీదికొచ్చిన మనిషి ఉన్నాడని పసిపిల్లలకు కూడా తెలుసు. ఎంతటి పొగరుబోతైనా దారిస్తాడు. ఆటకు ఆలస్యమవుతుందనో, పెళ్ళికి పోవాలనో ఎవడైనా దొంగ రుమాలు ఊపాడని తెలిసిందా, వాడి ఏడు తరాలనూ కడిగేస్తారు. బాల్కనీలో నిలబడి మద్దలేనా కూడా అలా చాలామందిని కడిగేసింది.

"హారను మీంచి చెయ్యి తియ్యకు బాబూ," అందామె.

లెన్నార్ట్ ఒక్కసారి కొట్టాడు, అదీ తలుపు తట్టినంత మర్యాదగా. ఫోరియా వీధి ఎక్కీ ఎక్కగానే బండి ఆపేశాడు.

"ఎందుకాగావు?"

"ఎర్ర లైటు, అమ్మా."

"అది మనక్కాదు. పోనీ."

"ఎవరైనా గుద్దితే?"

"పోతే గుద్దరు. ఇలా ఆగితేనే గుద్దుతారు."

వెనక టాక్సీవాడు తల బయటపెట్టాడు. "ఏమయ్యోయ్, దీపం ముందు జపం చేస్తున్నావా? అవతల మనిషి పోయేట్టున్నాడు."

అనియెల్లో కళ్ళు సగం తెరిచాడు. "ఒసే, ఈ అబ్బాయి నాకు ఊరు చూపించడానికి తీసుకెళ్తున్నాడా ఏంటే?"

"నోరు మూసుకుని ఊపిరి తీసుకో," అందామె. ఆ మాటకి అతను నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తర్వాత రోడ్డు దాటే తెల్ల చారల దగ్గర, కూరల సంచీతో నిలబడ్డ ఒక ముసలమ్మ కోసం లెన్నార్ట్ ఆగాడు. తన కోసం కారు ఆగడం ఆ ముసలమ్మ పుట్టి బుద్ధెరిగి చూసిందో లేదో, ఇందులో ఏం మోసముందోనని అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకుంటూ నిలబడ్డారు. మద్దలేనా గొంతు చించుకుంది. ఆ పైన ఇంకో ఎర్ర లైటు. అక్కడా ఆగాడు. అయితే అద్దంలో అనియెల్లో పెదాల రంగు చూశాడో ఏమో, పళ్ళు బిగించి, హారను మీద అరచెయ్యి మొత్తం అదిమి, ఆ ఎర్ర వెలుగులోంచే దూసుకుపోయాడు.

దువ్వెనతో పాపిడి తీసినట్టు వీధి రెండుగా చీలింది. బస్సు పేవ్‌మెంటు ఎక్కింది. స్కూటర్లు గోడలకంటుకున్నాయి. లెన్నార్ట్ ఆ ఊళ్ళో పుట్టినవాడిలా నడుపుతున్నాడు.

కొండ మీది ఆసుపత్రికి ఎక్కే దారిలో, టైర్ల కొట్టు మలుపు దగ్గర, ఆమె గౌను అంచు పట్టుకున్న అనియెల్లో వేళ్ళు విడిపోయాయి. ఆమె వంగి చూడనక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళు పక్కన పడుకుని విన్న ఊపిరి అది. ఆగిపోతే తెలియదా?

రుమాలు లోపలికి తీసుకోబోయింది. అంతలో అద్దంలో లెన్నార్ట్ ముఖం కనబడింది. చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"ఎలా ఉన్నారమ్మా ఆయన? వచ్చేశాం, వచ్చేశాం."

ఇప్పుడు చెబితే ఈ పిల్లాడు ఆ ఎర్ర లైట్లను తన చావుదాకా మోస్తాడు అనుకుంది.

"ఉన్నాడు నాయనా. పోనీ," అంది. రుమాలు మళ్ళీ ఊపింది.

జనం తప్పుకుంటూనే ఉన్నారు. పళ్ళబండివాడు బండిని పక్కకి లాగబోతే నారింజలు దొర్లిపోయాయి. వాడు వాటివైపు చూడకుండా, వీళ్ళ కోసం శిలువ గుర్తు వేసుకున్నాడు. అలా తప్పుకున్న ప్రతి మనిషినీ మోసం చేస్తున్నానని ఆమెకు తెలుసు. భుజం తిమ్మిరెక్కింది. అయినా దించలేదు.

ఆసుపత్రి వాకిట్లో డాక్టరు అనియెల్లో మెడ పట్టి చూసింది, చెయ్యి పట్టి చూసింది. "ఎప్పుడమ్మా?" అంది.

"ఇప్పుడే, గేటు దాటాక."

డాక్టరు, కారుకు ఆనుకుని వణుకుతున్న లెన్నార్ట్ వైపు ఒకసారి చూసింది. మళ్ళీ అడగలేదు.

"నేను ఆ లైట్ల దగ్గర ఆగకపోయుంటే..." అన్నాడతను కాసేపటికి.

"ఆగినా ఆగకపోయినా ఇంతే బాబూ. గేటుదాకా బతికే వచ్చాడు. ఇంత త్వరగా మావాళ్ళెవరూ తేలేరు."

అతను ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. నోరు తెరిస్తే దాంతోపాటు ఇంకేం బయటికొస్తుందోనని పళ్ళు బిగబట్టుకుంది.

కొడుకులకీ గేటు దగ్గరే అని చెప్పింది. ఒకరికో మాట ఇంకొకరికో మాట చెబితే నిలవదు కదా. ఏడాదికోసారి వాళ్ళు ఆమెను బస్సులో తీసుకెళ్ళి ఆ గేటు పక్కన పూలు పెట్టిస్తారు. టైర్ల కొట్టు మలుపు దగ్గర బస్సు తిరుగుతుంటే ఆమె చేతులు ఒళ్ళోనే ఉంచుకుంటుంది. పక్కన ఎవరూ లేని రోజైతే అక్కడ దణ్ణం పెట్టుకుంటుంది గానీ, అలాంటి రోజు దొరకడమే కష్టం. ముసలిదాన్ని ఒంటరిగా ఎక్కడికీ పంపరు.