రోవీనాతో జోడీ

డెల్బర్ట్ టీటర్ ఏ విషయంలో ఏ పక్షమో మా లోయలో ఎవరిని నిద్ర లేపి అడిగినా చెప్తారు. తుపాకుల జోలికి ఎవరూ రాకూడదు. బొగ్గు తవ్వాల్సిందే. పన్నులు పెంచకూడదు. బడిలో ఏం నేర్పాలో రాజధానిలో కూర్చున్నవాళ్లు కాదు, పిల్లల్ని కన్నవాళ్లు చెప్పాలి. సరిహద్దు గట్టిగా కాపలా కాయాలి. ఇక ఆసుపత్రి అయినా, కిరాణా కొట్టయినా తన కాళ్ల మీద తాను నడవాలి, ప్రభుత్వం చంకనెత్తుకు తిరగకూడదు. ఇవన్నీ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అతను రాష్ట్ర సెనేటర్, నేను అతని ఆఫీసులో ఫోనెత్తే మనిషిని. "టీటర్ గారి అభిప్రాయం ఏమిటండీ?" అని ఎవరో అడుగుతారు, నేను అప్పచెప్తాను. నా అభిప్రాయం మాత్రం ఏ మహానుభావుడూ అడిగిన పాపాన పోలేదు.

మేమిద్దరం ఒకే బడిలో చదివాం, ఒకే బస్సెక్కాం. అందుకని నలుగురిలో ఉన్నప్పుడు "సెనేటర్ గారూ" అనేదాన్ని, తలుపు వేశాక "ఒరే డెల్బర్ట్" అనేదాన్ని. తలుపు వేశాకే మా ఆఫీసులో అసలు పని జరిగేది.

మా ఆయన పేరు క్లీట్. గనిలో పనిచేసినన్నాళ్లూ ఎద్దులా ఉండేవాడు. తర్వాత కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు స్టోనీ ఫోర్క్‌లోని మా చిన్నాసుపత్రిలో డయాలసిస్ యంత్రం పక్కన పడుకుంటే తప్ప బతకడు. ఇల్లు దాటి వంతెన దిగితే ఆసుపత్రి. ఆ ఆసుపత్రి నష్టాల్లో ఉందనీ, వేసవి దాటేలోపు యంత్రాలు ఎత్తేస్తారనీ అప్పటికే అందరికీ తెలుసు. తర్వాతి ఆసుపత్రి కొండకు అవతల ఉంది. మంచు పడితే ఆ కొండ దారిలో లేళ్లు కూడా నడవవు.

మాలాంటి ఊళ్ల ఆసుపత్రులకు రాష్ట్రం డబ్బివ్వాలని ఒక బిల్లు పెట్టింది రోవీనా కాస్టో. పక్క లోయ సెనేటర్, అవతలి పార్టీ మనిషి. ఏటా పెట్టేది, ఏటా ఓడిపోయేది. ఓడించేవాళ్లలో అందరికంటే గట్టిగా గొంతు చించుకునేది మా డెల్బర్టే. సభలో ఇద్దరూ పిల్లీ ఎలుకల్లా కొట్టుకుని, బయటికొచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుగింజల కూరా మొక్కజొన్న రొట్టే తినేవాళ్లు. ఆ రొట్టెలో పంచదార వెయ్యాలా వద్దా అని మళ్లీ కొట్టుకునేవాళ్లు.

ఈసారి బిల్లు రాగానే నేను తలుపు వేసి అడిగేశాను.

"ఒరే డెల్బర్ట్, క్లీట్ సంగతి తెలిసీ దీన్ని వద్దంటావా?"

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "క్లీట్‌కి కావాలంటే నా కారిస్తా. నా చేతిలో ఉన్నదంతా ఇస్తా. కిడ్నీ పనికొస్తుందంటే అదీ ఇస్తా. కానీ ఓటు నాది కాదు వెర్నా. ఇన్నేళ్లూ ఒకటి చెప్పి గెలిచాను. ఇప్పుడు నా వాళ్లకి అవసరమొచ్చిందని మాట మారిస్తే, రేపు జనానికి నా మొహం ఎలా చూపించను?"

"నీ ముసలి కిడ్నీ ఎవడిక్కావాలి?" అని తలుపు ధడాలున వేసి వచ్చేశాను. ఆ రోజంతా ఫోనులో నా గొంతు విని ఎంతమంది దడుచుకున్నారో దేవుడికే తెలియాలి.

ఇంతలో రోవీనాకు జబ్బు ముదిరింది. కాలేయంలో మొదలై ఒళ్లంతా పాకింది. డాక్టర్లు ఇంటికి పంపించేశారు. ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి. ఈసారి మా పార్టీవాళ్లు కూడా కొందరు బిల్లు వైపు ఒరిగారు. రోవీనా వచ్చి ఓటేస్తే నెగ్గుతుంది. ఆమె మంచంలో ఉండిపోతే రెండు వైపులా సరిసమానం. సమానమైతే మా సభలో బిల్లు ఓడినట్టే.

ఒక ఆదివారం చర్చి అయ్యాక డెల్బర్ట్ నా దగ్గరికి వచ్చి, "రోవీనాని చూసొద్దాం, తోడు రా" అన్నాడు.

ఆమె ముందు గదిలో, కిటికీ పక్కన మంచం మీద ఉంది. మనిషి సగమైపోయింది. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"ఏం డెల్బర్ట్, ఎప్పుడు పోతానో చూసి పోదామని వచ్చావా?"

"నీకంత తొందరేం లేదులే. నువ్వు పోతే నేనెవరితో కొట్లాడను?" అంటూ కుర్చీ లాక్కున్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని కాసేపు దాని అంచు నలిపాడు. "నీతో జోడీ కడతాను రోవీనా."

మా సభలో అదొక పాత మర్యాద. జబ్బుతోనో చావు పనిమీదో ఒక సభ్యుడు రాలేకపోతే, అవతలి పక్షం మనిషి ఒకడు తన ఓటు కూడా వెయ్యకుండా కూర్చుంటాడు. వాళ్ల ఓటూ వీళ్ల ఓటూ చెల్లు. దాన్నే జోడీ కట్టడం అంటారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. మాట ఇస్తే ఇచ్చినట్టే. మాట తప్పినవాడితో ఆ తర్వాత ఎవరూ కలిసి కాఫీ కూడా తాగరు.

రోవీనా అతని మొహంలోకి అలాగే చూసింది. "నీ బుర్ర సరిగానే పనిచేస్తోందా? నువ్వు ఓటెయ్యకపోతే నా బిల్లు నెగ్గుతుంది."

"నువ్వు మంచంలో ఉన్నప్పుడు గెలిస్తే అదీ ఒక గెలుపేనా?"

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది, కూతురు లిబ్బీ పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. దగ్గు ఆగాక రోవీనా చెయ్యి చాచింది, అతను పట్టుకున్నాడు. అంతే, అయిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, దాపరికం ఎందుకు?

ఆ సాయంత్రం క్లీట్‌కి ఇష్టమని ఆపిల్ రొట్టె కాల్చాను. ఉప్పు లేకుండా, కొలిచి, డాక్టరు చెప్పినట్టే చేశాను. "ఏమిటే విశేషం?" అన్నాడు. "నోరు మూసుకుని తిను" అన్నాను. ఓటు పడకముందే నోటితో అనడానికి భయమేసింది.

మా పార్టీ నాయకుడు స్టర్గిల్‌కి ఈ సంగతి తెలిసి ఆఫీసుకొచ్చి ఎగిరెగిరి పడ్డాడు. "నీ మర్యాద తగలెయ్య! చేతులారా బిల్లు నెగ్గిస్తున్నావయ్యా!" అని బల్ల మీద గుద్దాడు. డెల్బర్ట్ చలించలేదు. "బిల్లుకి నేను వ్యతిరేకమే. నిన్నా వ్యతిరేకమే, రేపూ వ్యతిరేకమే. కానీ మాట ఇచ్చాను" అన్నాడు. ఆ రోజు అతన్ని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లూ నేను ఫోనెత్తింది మనిషన్నవాడి కోసమే అనుకున్నాను.

ఓటింగు రోజు మధ్యాహ్నం సభ మొదలైంది. వేరే బిల్లులు నడుస్తున్నాయి, మాది ఇంకా రాలేదు. నేను ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. ఫోను మోగింది.

"వెర్నా ఆంటీ, నేను లిబ్బీని." గొంతు పొడిగా ఉంది. "అమ్మ పోయింది. ఇప్పుడే."

"అయ్యో తల్లీ" అన్నాను.

"నేను పోతే ముందు డెల్బర్ట్‌కి చెప్పు, ఆ తర్వాతే శవపేటికల వాళ్లకి ఫోను చెయ్యి అంది అమ్మ. జోడీ బతికున్నవాళ్ల మధ్యేనంట కదా ఆంటీ? చచ్చినదాని పేరు చెప్పి వాణ్ణి కట్టెయ్యకూడదు, వాడి ఓటు వాడికి ఇచ్చెయ్యి అంది. నిన్నంతా అదే మాట. చెప్తానని ఒట్టు పెట్టించుకుంది."

"కాస్త ఆగి చెయ్యకూడదటే పిల్లా!" అని అరిచేశాను. తల్లిని పోగొట్టుకున్న పిల్ల మీద అరిచాను. అటువైపు ఆ పిల్ల అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. "నాకూ అదే అనిపించింది ఆంటీ" అంది.

ఫోను పెట్టేసి నిలబడ్డాను. నేను ఆ కుర్చీలో కూర్చుండిపోతే చాలు. ఎవరికీ తెలియదు. బిల్లు నెగ్గుతుంది, క్లీట్ వంతెన దిగి ఆసుపత్రికి వెళ్తాడు, యంత్రం పక్కన పడుకుని నర్సులతో సరసాలాడి ఇంటికొస్తాడు. రోవీనా ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే నేను కచ్చితంగా కూర్చుండిపోయేదాన్ని. ఆమె తన బిల్లునే పణంగా పెట్టి పంపిన మాట అది. దాన్ని మింగేసి తర్వాత ఆమె శవం ముందు ఏ మొహంతో నిలబడను? ముసల్దాన్ని తిట్టుకుంటూనే నడవా వెంట నడిచాను.

సభలోకి వెళ్లి, డెల్బర్ట్ కుర్చీ వెనక వంగి చెవిలో చెప్పాను.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"ఎవరికీ తెలీదు. ముందు నీకే చెప్పమందట. నీ ఓటు నీకు ఇచ్చెయ్యమందట."

అతను నన్ను అదోలా చూశాడు. దుఃఖం అనుకున్నాను. తర్వాత లేచి నిలబడి, గొంతు సవరించుకుని, రోవీనా కాస్టో ఇక లేరని సభకు చెప్పాడు. అందరూ లేచి తలలు వంచారు. తలలు ఎత్తీ ఎత్తకముందే స్టర్గిల్ లేచి, జోడీ చెల్లిపోయింది కాబట్టి టీటర్ గారి పేరు కూడా పిలవాలన్నాడు. అధ్యక్షుడు సరేనన్నాడు. బిల్లు వంతు వచ్చింది. గుమాస్తా పేర్లు చదువుతూ పోయాడు.

"టీటర్."

గుమాస్తా మళ్లీ పిలిచాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక్కసారి అవునను డెల్బర్ట్. అనలేకపోతే లేచి బయటికి పో, నీళ్లు తాగడానికి పో.

"వ్యతిరేకం" అన్నాడు.

సమానమైంది. బిల్లు పోయింది.

మర్నాడే నేను ఉద్యోగం మానేశాను. అన్నట్టే వేసవి దాటకుండా యంత్రాలు ఎత్తేశారు. క్లీట్‌ని వ్యానులో కొండ అవతలికి తీసుకెళ్లడం మొదలైంది. వెళ్లేటప్పుడు వాంతులు, వచ్చేటప్పుడు స్పృహ ఉండేది కాదు. మొదటి మంచు పడి, వ్యాను సగం దారిలోంచి వెనక్కి తిరిగొచ్చిన రోజు, క్లీట్ బూట్లు విప్పించుకుని, "ఇక చాలే వెర్నా. నన్ను తిప్పకు" అన్నాడు. బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. యంత్రం మానేస్తే మనిషి వారం, మహా అయితే ఇంకాస్త ఉంటాడని నర్సు ముందే చెప్పింది.

ఆ వారంలోనే డెల్బర్ట్ వచ్చాడు. తలుపు బయట, మెట్ల మీద మంచులో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు నేను.

"వెర్నా," అన్నాడు, "ఆ రోజు ఎందుకు చెప్పావు నాకు?"

ఒళ్లు మండిపోయింది. "నేను చెప్పడం తప్పా? చెప్పకపోతే మోసం కాదూ?"

"చెప్పకుండా ఉంటే నాకు నిలబెట్టుకోడానికి ఒక మాట ఉండేది. జోడీ ఎందుకు కట్టాననుకున్నావు? ముందే అందరి పేర్లూ రాసుకుని లెక్కేసుకున్నాను. నేను వ్యతిరేకంగానే ఉండాలి, బిల్లు నెగ్గాలి, క్లీట్ ఉండాలి. దానికి అదొక్కటే దారి. రోవీనాకి అర్థమైందేమో తెలీదు. నీకు అర్థమైందనుకున్నాను."

"నీకు నోరుంది కదరా డెల్బర్ట్," అన్నాను. "ఒక్క ముక్క. అవును అంటే చచ్చిపోయేవాడివా?"

"నిలబడి అందామనే అనుకున్నాను. ఇన్నేళ్లూ అలవాటైన ముక్కే నోట్లోంచి వచ్చేసింది."

వాణ్ణి మెట్ల మీంచి తోసెయ్యాలనిపించింది. "నాకెందుకు చెప్తావు ఇది? లోపల పడుకున్నాడు. పోయి క్లీట్‌కే చెప్పు" అని తలుపు బార్లా తీశాను.

వెళ్లాడు. టోపీ తీసి మంచం పక్కన కూర్చున్నాడు. క్లీట్ మొహం ఉబ్బి పసుపుగా ఉంది. కళ్లు తెరిచి, ఎవరో పోల్చుకుని, నవ్వడానికి ప్రయత్నించాడు.

"క్లీట్, నీకొక మాట చెప్పాలి..." అని మొదలుపెట్టాడు డెల్బర్ట్.

"నన్ను చెప్పనీ ముందు. తర్వాత ఓపిక ఉండదు." క్లీట్ చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వెళ్లి డెల్బర్ట్ చేతిని పట్టుకుంది. "ఆ బిల్లు సంగతి మనసులో పెట్టుకోకు. వెర్నా నీ మీద కారాలు నూరుతుంది, దాని మాటలు పట్టించుకోకు. నాకోసమని నువ్వు మాట మార్చి ఉంటే నాకే సిగ్గయ్యేది. నువ్వు నమ్మింది నువ్వు చేశావు. అలాంటివాళ్లు ఎంతమందున్నారు చెప్పు?"

డెల్బర్ట్ నా వైపు చూశాడు. చెప్పమంటావా అన్నట్టు కాదు, చెప్పొద్దని బతిమాలుతున్నట్టు కూడా కాదు. ఏం చెయ్యాలో తోచని మనిషి చూపు అది. నేను ఊ అంటే చాలు, అతను చెప్పేసేవాడే.

క్లీట్ ఇంకా అతని చెయ్యి పట్టుకునే ఉన్నాడు. మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త నెమ్మది కనిపించింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"అవును క్లీట్," అన్నాడు డెల్బర్ట్. "నమ్మిందే చేశాను."