బల్ల మీద కవాతు

నెత్తిన బియ్యం బస్తా, పళ్ల మధ్య అసూయ పెట్టుకుని యోసేపు బల్ల మీద నడుస్తున్నాడు. తాడేపల్లిగూడెంలో ఏలూరు కాలువ గట్టు నుంచి పడవలోకి వేసిన పొడుగాటి బల్ల అది. దాని మీద ముఠాకి ముందు నడిచేవాడే మేస్త్రి. పన్నెండేళ్లుగా ఆ మొదటి అడుగు యోసేపుది. నడుం వంగింది, మోకాలు కిర్రుమంటోంది, మెడ భుజాల్లోకి దిగిపోయింది. అడుగు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇవ్వాల్సొచ్చేలా ఉంది. అందరికన్నా వెనక నడిచే ఎలీయాజరు అతని బావమరిది. బెంగుళూరులో వంతెనలు కట్టే పటాలంలో పనిచేసి, మళ్లీ పిలిస్తే వెళ్లే షరతు మీద నిరుడు ఇంటికొచ్చాడు. యోసేపు పేరుకి మేస్త్రి. ఎలీయాజరు ఒళ్లంతా ఇస్త్రీ. ఎంత బరువెత్తినా వెన్ను మడత పడదు. అతనిది సైన్యం, ఇతనిది దైన్యం. సాయంత్రాలు చర్చి దొడ్లో ముఠావాళ్లని వరస కట్టించి లెఫ్ట్ రైట్ నేర్పుతాడు. ఆ కవాతులో యోసేపుకి తగిలేది వాత ఒక్కటే. ఇంట్లో భార్య దానమ్మ పెట్టేది ఇంకో వాత.

"మా తమ్ముడు కూచున్నా నించున్నట్టే ఉంటాడండీ. మీరు నించున్నా కూచున్నట్టే ఉంటారు."

ఆ మాట పడ్డ నాటి నుంచి యోసేపు తెల్లారకుండానే బియ్యం మిల్లు ఊకగుట్ట చాటున కొల్లేటి కొంగలా ఒంటికాలి మీద నిలబడి తన లెఫ్టు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు.

ఇవాళ మిల్లు గుమాస్తా కామేశ్వరరావు గొడుగు కింద నుంచి అననే అన్నాడు. "ఏవోయ్ యోసేపూ, నీ వెనక ముఠా గొర్రెల మందలా వస్తోంది. ఈ పూట చూస్తాను. రేపట్నించి మీ బావమరిదిని ముందుంచుతాను."

మళ్లీ బస్తాలెత్తగానే యోసేపు "లెఫ్ట్" అని అరిచాడు. ముఠా కాళ్లకి ఆ మాట తెలుసు. అన్ని కాళ్లూ ఒక్క కాలై బల్ల మీద పడ్డాయి. గుమాస్తా గొడుగు పక్కకి వంచి మరీ చూశాడు. యోసేపు మెడ భుజాల్లోంచి పైకొచ్చింది. బతుకులో అతనెప్పుడూ అంత ఎత్తు లేడు.

నడిమికి వచ్చేసరికి బల్ల ఊగింది. అడుగు పడ్డప్పుడల్లా వంగి, లేచి, మరింత వంగింది. పడవ తాళ్లు మూలిగాయి. కింద వానాకాలపు కాలువ. గుమాస్తా చూస్తున్నాడని యోసేపు ఆగమనలేదు.

వెనక నుంచి ఎలీయాజరు గొంతు వినిపించింది. కేక కాదు, మాట. "అడుగు విడగొట్టండి. ఎవరి నడక వాళ్లది."

ఎవరూ ఎందుకని అడగలేదు, తల తిప్పలేదు. అడుగులు విడిపోయాయి. బల్ల ఒక్కసారి నిట్టూర్చి ఊరుకుంది.

పడవలో బస్తా దించాక యోసేపు గొణిగాడు. "కలిపి నడవమని నేర్పిందీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. ఇదేం చదువయ్యా?"

"వంతెన మీద పటాలం కూడా అడుగు కలపదు బావగారూ, ఆ ఊపుకి విరుగుతుంది. చూడ్డానికి బావుంటుందని కాదండీ నేర్పేది. కాళ్లలోకి భయం దిగేలోపల మాట దిగాలి. అందుకూ."

యోసేపుకి అర్థమైంది. అర్థమైనందుకే మరింత మండింది. ఇన్నేళ్లు తను గొంతు చించుకున్నా ఆ కాళ్లు ఒక్కనాడూ అలా వినలేదు.

గుమాస్తా గట్టు దిగి వస్తుంటే ఎలీయాజరే ఎదురెళ్లాడు. "మేస్త్రి మా బావగారేనండి. జర్మనీవాడితో యుద్ధం వచ్చింది కదండీ, మమ్మల్ని వెనక్కి పిలిచారు. మాపటి బండికి వెళ్తున్నాను."

"మరి ఇవాళ పనిలోకెందుకొచ్చావోయ్?"

"పడవ సగమే నిండిందండి."

యోసేపు స్టేషనుకి వెళ్లలేదు. వెళ్తే ముందెవరు నడుస్తారు? పొద్దు వాలాక రైలు కూత కాలువ మీదుగా వచ్చి, మిల్లు రొదలో కలిసిపోయింది. మొదటి అడుగు అతనికే మిగిలింది. గెలుచుకున్నట్టు లేదు, ఒకరు వద్దని లేచిన విస్తరి ముందు కూచున్నట్టుంది.

పడవ కదిలాక మిల్లు బస్తాల కొట్టు గడప దగ్గర, ఎలీయాజరు బస్తా కింద చుట్టుకునే తలగుడ్డ కనిపించింది. నాలుగంచులూ కత్తిరించినట్టు కలిపి మడిచి పెట్టి వెళ్లాడు. యోసేపు అటూ ఇటూ చూసి దాన్ని దులిపి విప్పాడు. మోకాలి మీద పరిచి మళ్లీ మడిచాడు. విప్పాడు, మడిచాడు. ఎన్నిసార్లు సర్దినా ఆ గుడ్డకి ఒక అంచు బయటికే ఉండిపోయింది.