ఎక్కువ కొలిచిన జొన్నలు

తిన్న జొన్నలు తిరిగి ఇమ్మని అడిగేవాళ్లు కూడా లోకంలో ఉంటారా? అత్వెల్లిలో ఉన్నాడు, ఆసామి జనార్ధన్‌రెడ్డి.

యాకోబు ఆయన దగ్గర పన్నెండేళ్లు జీతం ఉన్నాడు. యుద్ధం రోజుల్లో మేడ్చల్ స్టేషన్‌లో పట్టాల పనికి మనుషులు కావాలంటే, ఉగాదికి ఏడాది ముగియగానే లెక్క తేల్చుకుని బయటపడ్డాడు. ఆఖరి జీతం జొన్నలు ఆసామి కొత్త కోడలు సత్తమ్మ కొలిచి పోసింది. నెల తిరక్కముందే ఆసామి మనిషి లచ్చయ్య కబురు మోసుకొచ్చాడు.

“నీకు కుంచానికి మానికెడు ఎక్కువొచ్చినయంట. ఆదివారం దెచ్చి పొయ్యాలె. లేకుంటే బాకి తీరేదాంక మళ్ల జీతానికి రమ్మంటుండు.”

యాకోబుకు జొన్న గట్క సయించలేదు. బాకీ ఉన్నవాడు ఆసామిని విడిచిపోకూడదు. ఈ మాట స్టేషన్ మేస్త్రీ చెవిన పడితే పట్టాల పని ఊడినట్టే. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాడు.

“తిన్నయి తిన్నం. ఏడికెల్లి దెస్తం?”

“జర ఒక్కకాడ కూసోరాదు! నా తలకాయ తిరుగుతాంది,” అంది భార్య ఎలీషమ్మ. ఆమె మాత్రం కుదురుగా ఉందా? పొయ్యి మీద గట్క మాడేదాకా చూసుకోలేదు. “మనది గానిది మనింట్ల ఉండొద్దు. ప్రార్థనల ఏం మొకం పెట్టుకోని కూసుంట?”

మర్నాడే షామీర్‌పేటకు నడిచిపోయి, తమ్ముడి దగ్గర బుట్టెడు జొన్నలు బదులు తెచ్చింది. ఆదివారం ప్రార్థన కాగానే మొగుడూ పెళ్లాలు బుట్టతో ఆసామి వాకిట్లోకి వెళ్లారు. అక్కడ జనం బారులు తీరి కూర్చున్నారు. ఆ రోజు నాగు ఇచ్చే రోజు. వానలకు ముందు గింజలు అప్పు తీసుకుని, పంట చేతికొచ్చాక ఒకటికి ఒకటిన్నర పోసే బేరం అది.

“బాకి దెచ్చిన్రా? మంచిది,” అన్నాడు ఆసామి.

“తెచ్చినం పటేలా. ఎక్కువ ఎట్లొచ్చినయో ఒక్క మాట జెప్పుండ్రి. మేం దొంగలం గాదు,” అంది ఎలీషమ్మ.

“కోడలు కొత్తది. ఎరికలేక కొలిసింది.”

తలుపు వెనక నుంచి సత్తమ్మ గొంతు వినిపించింది. “మా అమ్మగారింట్ల కుంచం ఒక్కటే ఉంటది మామా. గీడ ఇచ్చేటందుకు ఒకటి, తీసుకునేటందుకు ఒకటి ఉంటయని నాకెవరు జెప్పిన్రు? చేతికొచ్చిన పెద్దదాంతోని కొలిసిన.”

చిన్న కుంచంతో ఇచ్చి పెద్ద కుంచంతో తీసుకుంటాడని ఊళ్లో ఎవరికి తెలియదు? పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. కానీ ఆసామి ఎదుట ఏనాడూ ఒక్కరు నోరు మెదపలేదు. ఏం భయమో ఏమో, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాకిట్లో అటూ ఇటూ కదులుతున్న యాకోబు కాళ్లు అప్పటికి గానీ నిలవలేదు.

“పటేలా, నన్ను పెట్టుకున్ననాడు ఏటికి ఇన్ని కుంచాలన్నరు. చిన్న కుంచమని అన్నరా?”

“ఎప్పుడు గా కుంచంతోనే కొలిసిన గద!”

“కొలిసిన్రు. నేను నాగు తీర్సినప్పుడు పెద్దదాంతోని తీసుకున్నరు. మరి బాకి ఎవరిది?”

ఆసామి జనం వైపు చూశాడు. ఎవరూ తల దించలేదు. ఈ ఇద్దరినీ ఎంత జల్దీ పంపిస్తే అంత మంచిదనిపించింది ఆయనకు.

“సరే, పో. నీకు బాకి లేదు, నాకు లేదు.”

“గదే మాట స్టేషన్ మేస్త్రికి గూడ జెప్పిపియ్యాలె,” అంది ఎలీషమ్మ.

“లచ్చయ్యా, రేపు చెప్పిరా.”

ఎలీషమ్మకు సంతోషంతో ఏడుపొచ్చింది. బుట్ట ఎత్తుకుంది. అప్పుడు ఆసామి తలుపు వైపు తిరిగి కసిరాడు.

“గీ నష్టం మీ నాయినతోని కట్టిపిస్త! రానీ గాయినను!”

ఎలీషమ్మ ఆగిపోయింది.

“పోదం పా,” అని యాకోబు కొంగు పట్టి లాగాడు. ఆమె వినకుండా బుట్ట దించింది.

“కోడలమ్మ నాయినను పిలువకుండ్రి పటేలా. గీ జొన్నలు తీసుకోండ్రి. ఇది బాకి గాదు. మాకు సరిగ్గ కొలిసినందుకు గామె మాట పడొద్దు.”

ఆసామి మొహం విప్పారింది. “కొలువు లచ్చయ్యా!”

లచ్చయ్య అలవాటు కొద్దీ పెద్ద కుంచం అందుకున్నాడు.

నాగుకొచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత వాకిలంతా నవ్వింది. లచ్చయ్య కుంచం పట్టుకుని ఆసామి మొహం చూశాడు. ఆసామి కొలవమనలేకపోయాడు, వద్దనలేకపోయాడు. తలుపు వెనక సత్తమ్మ కూడా నవ్వింది, అందరికంటే గట్టిగా.