చిటికెడు తక్కువ

"కూరలో ఉప్పేసే ముందు మా అక్కని ఒక్కసారి తలుచుకో!" ఇరవై రెండేళ్ళుగా మొదటి ముద్దకే మా ఆయన అనే మాట ఇది. తలుచుకునేదాన్ని. ఇంకో అరచెంచా వేసేదాన్ని.

నర్సు మా వీధిలో ఇంటింటికీ తిరిగి బీపీ చూసిన రోజున నాకు నూట డెబ్బై వచ్చింది. మా అమ్మకి నలభై ఎనిమిదో ఏట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నాకిప్పుడు నలభై ఆరు. పొద్దున లేవగానే కుడిచెయ్యి ఎత్తి చూసుకోవడం అలవాటైపోయింది. డాక్టరు మాత్రలిచ్చి, ఉప్పు తగ్గించమన్నారు. ఆ మాటే ఈయనతో అన్నాను. "నీడపట్టున కూర్చునేదానివి, నీకు బీపీ ఏంటే? నీ ఒక్కదాని కోసం ఇంటిల్లిపాదీ చప్పిడి కూడు తినాలా?" పొద్దున ఐదింటికి లేచినదాన్ని, ఆ రోజుకి అప్పుడే మొదటిసారి కూర్చున్నాను. మర్నాడు తగ్గించి చూస్తే, కంచం పక్కకి నెట్టేసి ఆఫీసు క్యాంటీన్‌లో తిన్నారు.

నర్సు దగ్గర ఏడ్చాను. ఆవిడ నవ్వింది. "సగం వీధిది ఇదే గోల. ఒక్కదానివి తగ్గిస్తే వంట రాదంటారు. అందరూ తగ్గిస్తే ఎవర్నంటారు? అదీ ఒక్కసారే కాదు, వారానికో చిటికెడు."

ముప్పై ఇళ్ళ ఆడవాళ్ళం కూడబలుక్కున్నాం. పక్కింటి పిన్ని వీధి చివర బేకరీ ఆయన్నీ ఉప్పు తగ్గించడానికి ఒప్పించింది. ఈయన ఆఫీసు క్యాంటీన్ వంటావిడకీ బీపీ ఉందట, తనూ మాతో కలిసింది. మగవాళ్ళకి చెప్పాలా అని ఎవరో అడిగితే పిన్ని, "చెప్పి చూడు, ఆ పూటనుంచే చప్పగా ఉంటుంది" అంది.

మొదట్లో ఆయన ముద్ద కలుపుతుంటే ఆయన మొహమే చూసేదాన్ని. ఆయన కనిపెట్టలేదు. పైగా, "క్యాంటీన్ ఆవిణ్ణి చూసి నేర్చుకో" అన్నారొకసారి. ఆవిడా నేనూ ఒకే కొలత వేస్తున్నామని ఆయనకేం తెలుసు!

అలా నాలుగు నెలలు గడిచాయి. ఇవాళ ఆయన వాళ్ళక్క ఇంటికి వెళ్ళొచ్చారు. వస్తూనే చెంబెడు నీళ్ళు తాగి, "మా అక్క చేతికి ఏమొచ్చిందో! కూర ఉప్పుకషాయం. నొచ్చుకుంటుందని ఎలాగో మింగాను" అన్నారు. ఆకలిగా నా కూర కలుపుకుని, "ఇన్నాళ్ళకి నీ చెయ్యి కుదిరిందే" అన్నారు.

ఇరవై రెండేళ్ళు ఆ మాట కోసమే ఎదురుచూశాను. తీరా విన్నాక, పొద్దున నర్సు చెప్పిన నూట ఇరవై ఎనిమిదే ఎక్కువ సంతోషంగా అనిపించింది. మాత్రలో, తగ్గిన ఉప్పో, రెండూనో. అమ్మకి పక్షవాతం వచ్చిన వయసు క్షేమంగా దాటుతానన్న ధైర్యం వచ్చింది. ప్రాణం హాయిగా ఉంది.

ఆయన తిని లేచారు. కంచం ఎప్పటిలాగే బల్లమీద వదిలేశారు. నేను కదల్లేదు.

"ఏమండీ, ఆ కంచం కాస్త సింకులో పెట్టండి."

ఆయన నావైపు ఓసారి వింతగా చూసి, తీసుకెళ్ళి పెట్టారు. ఈ వారానికి ఇది చాలు. కడగడం సంగతి పై వారం.