వెంకటన్న పేరు మీద

కౌంటర్ కింద మోకాళ్ల మీద కూర్చుని సాంసన్ నెట్‌వర్క్ తీగను పీకాడు. దాని కొసను చొక్కా అంచుతో తుడిచి మళ్లీ గుచ్చాడు. పచ్చదీపం వెలిగింది. అంతకుముందూ అది వెలుగుతూనే ఉంది కనుక లోపం తీగలో లేదు. ఆ సంగతి తెలిసి కూడా అతడు తీగను మరోసారి పీకాడు. చేతులు ఊరుకోవడం లేదు.

యాభైకి దగ్గరపడిన మనిషి. పీలగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కళ్లజోడు కాలు విరిగిన చోట సన్నటి రాగితీగ చుట్టి ఉంది. జేబులోని ఫోన్ మోగకపోయినా మోగినట్టనిపించి మాటిమాటికీ తీసి చూసుకుంటున్నాడు.

"ఏం సాంసనన్నా, ఇయ్యాల అయితదా, నన్ను ఇంటికి పొమ్మంటవా?" అంది ఆ కౌంటర్ గుమాస్తా భాగ్య. పిడుగు పడి కాలిపోయిన ఆమె పాత కంప్యూటర్ చోట సాంసన్ కొత్తది బిగిస్తున్నాడు. అది పనిచేసేదాకా కొత్తగూడ బ్యాంకు శాఖకు వచ్చే జనమంతా పక్క కౌంటర్ ముందే నిలబడవలసి వస్తోంది.

"అయితది చెల్లె, జర ఆగు."

"ఈ జర పొద్దటి సంది ఇంటున్న. తిట్లు మాత్రం నాకే వడుతున్నయి."

గాజుగదిలోంచి మేనేజర్ రాజమల్లు తల బయటపెట్టాడు. "పగటి బస్సుకు పోతనంటివి గదనయ్యా? గీ లెక్కన నువ్వు ఈన్నే పండుకుంటవు."

సాంసన్ నవ్వలేదు. ఆ బస్సు తప్పితే హనుమకొండ దవాఖానకు సాయంత్రంలోగా చేరలేడు. సాయంత్రం వెంకట్‌కు గుండె ఆపరేషన్. "లోపలికి తీస్కపోయేముందుగాల ఒకపారి కనవడు సాంసనూ" అని నిన్న రాత్రి ఫోన్‌లో అడిగాడు. "భయమైతుందా అన్నా?" అంటే, "భయమేందిరా, ఈడ నా ముచ్చట ఇనేటోడు లేడు" అన్నాడు. వస్తానని సాంసన్ మాట ఇచ్చాడు. తెల్లవారగానే ఆఫీసు అతణ్ణి కొత్తగూడకు పంపింది. పొద్దుటి నుంచి వెంకట్ ఫోన్ ఎత్తడం లేదు.

వెంకట్ జనగామలో, బ్యాంకు ప్రధాన కార్యాలయంలో కంప్యూటర్ విభాగం చూసే ఉద్యోగి. శాఖల్లోని ప్రతి యంత్రమూ అక్కడి సర్వర్‌తో కలిసి, బ్యాంకు డొమైన్‌లో చేరాలి. చేరనిదే ఒక్క ఖాతా కూడా తెరుచుకోదు. చేర్చే అధికారం పర్మినెంటు ఉద్యోగులది. సాంసన్ కాంట్రాక్టు మనిషి. అతనికీ ఆ అధికారం ఇవ్వమని వెంకట్ పైవాళ్లను అడిగాడు. వాళ్లు కాదన్నారు. కాదన్నారు కనుక తన లాగిన్‌నే అతని చేతిలో పెట్టాడు. నిబంధన ప్రకారం అది తప్పే. అయినా జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఉన్న శాఖలన్నీ ఏళ్ల తరబడి ఆ తప్పు ఆధారంగానే నడుస్తున్నాయి. సాంసన్ చేర్చిన ప్రతి యంత్రమూ రికార్డులో వెంకట్ చేర్చినదే. పాస్‌వర్డ్ మార్చవలసి వచ్చినప్పుడల్లా వెంకట్ ఫోన్ చేసి, "బీరకాయ అయిపోయింది, ఇగ సొరకాయ" అనేవాడు. "కోడికూర ఎప్పుడు పెడ్తవే అన్నా?" అనేవాడు సాంసన్.

డొమైన్ సర్వర్ దొరకడం లేదని తెర మళ్లీ చెప్పింది. అతడు మళ్లీ తీగనే అనుమానించాడు. తర్వాత గోడలోని సాకెట్‌ను అనుమానించాడు. ఇంటర్నెట్ పెట్టెను ఆపి, వెలిగించి, కంప్యూటర్‌ను కూడా మళ్లీ మొదలుపెట్టాడు. ఇలా సగం పొద్దు గడిచాక గాని చిరునామాల పేజీ తెరవలేదు. మామూలు రోజున మొదట చూసేది దాన్నే. దారి అడగడానికి ఇంటర్నెట్ పెట్టె ఆ కంప్యూటర్‌కు బయటి లోకపు సర్వర్ చిరునామా ఒకటి ఇచ్చింది. జనగామ సర్వర్ ఎక్కడుందో బయటివాళ్లకు తెలియదు. తెలిసినది ఆ సర్వర్‌కే. దాని చిరునామాను అతడే రాసి ఉంచవలసింది, మనసు ఫోన్ మీద ఉండి మరిచిపోయాడు. ఇప్పుడు రాశాడు.

వెంటనే తెర పేరూ పాస్‌వర్డూ అడిగింది. సర్వర్ దొరికిందన్నమాట. బస్సుకింకా వ్యవధి ఉంది. సాంసన్ వెంకట్ పేరు కొట్టి, సొరకాయ కొట్టాడు.

ఈ లాగిన్ ఖాతాను నిలిపివేశారని వచ్చింది.

వేలు తప్పిందేమోనని ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. అదే జవాబు. పాస్‌వర్డ్ తప్పితే వచ్చే మాట ఇది కాదు. మనిషి కొలువు వదిలినప్పుడే ఖాతాను నిలిపివేస్తారు. వెంకట్‌కు బదిలీ లేదు, రిటైర్మెంటుకు ఇంకా ఏళ్లున్నాయి. కారణాలన్నీ ఒక్కొక్కటే తీసేస్తూపోగా మిగిలినదాన్ని తలచుకోలేక, జనగామలో వెంకట్ పక్క కుర్చీలో పనిచేసే సరళకు ఫోన్ చేశాడు.

"సరళక్కా, వెంకటన్న లాగిన్ బందైంది."



"నేనే బంద్ చేసిన సాంసనూ. ఇప్పుడే, జరంత సేపైంది. పొద్దుగాల్లనే పోయిండట. ఆపరేషన్ దాంక ఆగలే. పెద్దసారు ఎంటనే బంద్ చెయ్యమన్నడు. నీకు ఎవలన్న చెప్పిండ్రనుకున్న."

సాంసన్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఏమైందన్నా?" అంది భాగ్య.

"ఏం లేదు చెల్లె. లాగిన్ బందైంది."

"ఫోన్ పెట్టకు" అంటోంది సరళ. "నా పేరు మీద చేద్దాం, చెప్తున్న, కొట్టు." ఆమె చెప్పిన అక్షరాలను అతడు కొట్టాడు. డొమైన్‌లోకి స్వాగతమని తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. "మాపటికి ఆఫీసు కాడికి రా. అందరం వ్యాన్‌ల పాలకుర్తికి పోతున్నం. ఆయినను ఇంటికి తీస్కపోయిండ్రు" అంది సరళ.

కంప్యూటర్ మళ్లీ మొదలైంది. భాగ్య తన పేరు కొట్టింది, మొదటి ఖాతాదారు ఖాతా తెరుచుకుంది. పక్క వరుసలోని సగం మంది ఆమె ముందుకు జరిగారు.

బస్సులో సాంసన్ అదే లెక్కను తిప్పి తిప్పి వేశాడు. చిరునామా మొదటే చూసి ఉంటే? చూసినా వెంకట్ కనబడేవాడు కాడు. తను తీగ పీకుతున్నప్పటికే అంతా అయిపోయింది. కాని సరళ ఆ లాగిన్‌ను ఆపకముందే పని ముగిసేది, ఈ ఒక్క యంత్రం కూడా వెంకటన్న పేరు మీదనే చేరేది. తన పరధ్యానం వల్ల పోయినది అంతే. ఎంత తగ్గించి చూసుకున్నా అది చిన్నది కాలేదు. నర్సంపేటలో బస్సు మారాడు. సీటు దొరికినా కూర్చోలేదు.

జనగామకు చేరేసరికి వ్యాన్ ఇంకా రాలేదు. మెట్ల మీద సరళా మిగిలినవాళ్లూ దండతో నిలబడి ఉన్నారు. వాళ్లతో నిలవలేక అతడు సర్వర్ గదిలోకి వెళ్లాడు. బయట ఎండ ఇంకా తగ్గలేదు, లోపల చలి. తలుపు వెనక మేకుకు వెంకట్ తొడుక్కునే గోధుమరంగు ఉన్ని స్వెటర్ వేలాడుతోంది, దాని ఒక చేయి మాత్రం ఏసీ గాలికి కదులుతోంది.