ఒక్క విస్తరి నీడ

ఉసిరి మొక్కను ఎవరి చేతుల్లో పెట్టి వెళ్ళాలో తేల్చుకోలేక కాత్యాయని నెల రోజులుగా ఇంట్లో అందరినీ కాల్చుకు తింటోంది. ఇంకో రెండు వారాల్లో మెల్‌బోర్న్ ప్రయాణం. రెండువేల సంవత్సరం గండం దాటి బ్యాంకు కంప్యూటర్లేవీ కుప్పకూలకుండా నిలబడ్డాక, ఆ పని చేసిపెట్టిన ఆవిడ మొగుడు సుధాకరరావును అక్కడి ప్రాజెక్టుకు రమ్మన్నారు. జీతం ఎక్కువ, ఇల్లు పెద్దది, అంతా బాగానే ఉంది. మొక్క మాత్రం కుదరదట. చెప్పుల అడుగున మట్టి అంటుకున్నా ఆ దేశపు ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని సుధాకరరావు అనగానే, "మొక్కండీ! దొంగ బంగారం కాదు!" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

అంత ప్రాణం ఎందుకంటారా? ఈ పరాయి దేశంలో, బిషాన్ పేటలో కాపురం పెట్టిన కొత్తలో, లిటిల్ ఇండియాలోని తమిళుల కొట్లో కొన్న ఉసిరికాయల గింజలు ఎండబెట్టి కుండీలో వేసింది. గుప్పెడు గింజల్లో ఒక్కటే మొలిచింది. మొగుడు పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. పిల్ల బడికి పోతుంది. పలకరించే దిక్కులేని ఆ పదకొండో అంతస్తులో కాత్యాయని ఆ మొలకతోనే మాట్లాడేది. పులుసులో ఉప్పెక్కువైన సంగతి మొగుడి కంటే ముందు దానికే తెలిసేది.

ఆ మొలక ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోంచెయ్యాలి కదా. సముద్రపు ఒడ్డు పార్కులో ఎంత వెతికినా ఉసిరి కనబడలేదు. కనబడకపోతే మానేస్తుందా మన కాత్యాయని? ఏటా కుండీని ఎత్తుకుని రైలెక్కి, బస్సెక్కి, పార్కులో దించి, దాని పక్కన కూర్చుని వనభోజనం చేసేది. జనం గుడ్లప్పగించి చూస్తే చూసుకోనీ అనేది.

మొక్క తర్వాత ఆవిడకు మాట్లాడ్డానికి దొరికిన మనిషి ఎదురింటి నిగార్. సొంతూరు హైదరాబాదు. భర్త ఇఫ్తేఖార్‌ది కూడా సాఫ్ట్‌వేరే. నిగార్ మనసు వెన్న, కానీ ఆమె చేతిలో మొక్క బతకదు. కాత్యాయని ఇచ్చిన కరివేపాకు ఎండిపోయింది. పుదీనా కుళ్ళిపోయింది. ఆఖరికి మనీప్లాంటు కూడా చచ్చిపోయింది. మనీప్లాంటును చంపడం మనిషికి ఎలా సాధ్యమో నాకైతే ఇప్పటికీ అంతుబట్టదు.

అందుకే పోయిన నెల నిగార్ మెల్లగా, "నాకియ్యక్కా, నేను జూస్కుంట" అంటే కాత్యాయని పకపకా నవ్వేసింది.

"నీకా! దాని ఉసురు నాకు తగుల్తుందే తల్లీ!"

నిగార్ కూడా నవ్వింది. ఆ సాయంత్రం టీకి మాత్రం రాలేదు. తలనొప్పి కాబోలు అనుకుని కాత్యాయని ఆ సంగతే మరిచిపోయింది.

వనభోజనం రోజు ఖాయం చేసింది నిగారే. "వచ్చే వారం మాకు రోజాలు షురూ, పగలు తినం. ఈ ఆదివారమే పోదాం" అంది. ఇఫ్తేఖార్‌కు ఆఫీసు పని పడింది. అందుకని ఆమె ఒక్కతే, పెద్ద గిన్నె నిండా బగారా అన్నం పట్టుకుని వచ్చింది. "ఉల్లిగడ్డ లేదు, ఎల్లిగడ్డ లేదు. గిట్ల జేసిన అని మా అమ్మీకి చెప్పకు అక్కా, ఇంట్లకు రానియ్యదు" అని రైల్లో అందరూ వినేలా చెప్పింది.

పార్కుకు చేరేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. దూరంగా సముద్రంలో ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. గడ్డి మీద పిల్లలు గాలిపటాలు పట్టుకుని పరుగెడుతున్నారు. పచ్చ కోట్లు వేసుకున్న కొందరు ముసలివాళ్ళు పలుగూ పారలతో హడావుడిగా ఉన్నారు. బాదం చెట్ల కింద ఒకే ఒక్క బల్ల ఖాళీగా కనబడింది.

బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి పోతే అది మనదే, తిరిగొచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. అది ఆ ఊరి ధర్మం. దాన్ని చోప్ చేయడం అంటారు. నిగార్ దర్జాగా ప్యాకెట్ పెట్టింది. సముద్రపు గాలి దాన్ని ఎగరేసుకుపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎగిరింది. ఈసారి విసుగొచ్చి ఉసిరి కుండీని ఎత్తి బల్ల మధ్యలో పెట్టింది.

"దాన్నెందుకే అక్కడ?" అంది కాత్యాయని.

"రెండు పైసల కాగితమే ముట్టుకోరు, ఇంత చెట్టును ఎవలు ముట్టుకుంటరక్కా?"

మాట సబబుగానే తోచింది. గిన్నెలు చేత పట్టుకుని అందరూ మడ అడవి చూడ్డానికి పోయారు. చెక్క వంతెన మీద నుంచి వంగి చూస్తే, బురదలో కాళ్ళున్నట్టు పాకే చేపలు కనబడ్డాయి. పదేళ్ళ కూతురు నందిత వాటిని చూసి కేరింతలు కొట్టింది. సుధాకరరావు ఫొటోలు తీశాడు. ఆకలేసి అందరూ వెనక్కి తిరిగారు.

బల్ల ఖాళీగానే ఉంది. ఎవరూ కూర్చోలేదు. దాని మీద కుండీ బోర్లించి ఉంది. మొక్క లేదు.

కాత్యాయని పరుగున పోయి కుండీ ఎత్తి చూసింది. "నా మొక్క! నా మొక్కేదీ?" అని అరిచిన అరుపుకు గాలిపటాల పిల్లలు కూడా ఆగిపోయారు.

"అమ్మా, డోంట్ షౌట్ లా" అని ఆ ఊరి యాసలో అంటూ నందిత కొంగు లాగింది.

"నోర్ముయ్! షౌటూ లేదు, లా లేదు!" కాత్యాయని నిగార్ వైపు తిరిగింది. "నీ చెయ్యి పడిందిగా! పడితే బతుకుతుందా! కుండీలో పెంచక్కర్లేదు, ఊరికే ముట్టుకుంటే చాలు!"

ఆ మాట అన్నాక తనకే చివుక్కుమంది. అప్పటికే నిగార్ మొహం వాడిపోయింది.

అరుపులు విని పచ్చ కోటు ముసలావిడ ఒకామె పరుగున వచ్చింది. సంగతి విని రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. పార్కు వాళ్ళ అనుమతితో ఆ పూట అక్కడ మొక్కలు నాటుతున్నారు. ఎవరి మొక్క వాళ్ళు తెచ్చి బల్లల మీద పెట్టిపోవాలి. ఈ మొక్క కూడా అలా వచ్చిందే అనుకుని నాటేశారు. "సారీ, సారీ! వాంట్ టేక్ బ్యాక్, కెన్!" అంటూ, కావాలంటే తీసుకుపొమ్మన్నట్టు చిన్న గడ్డపార చేతికిచ్చింది.

ఒడ్డుకు కాస్త ఎగువన, వరసలో చివరగా నిలబడి ఉంది ఉసిరి. పాదు చుట్టూ తడి మట్టి. గాలికి ఊగుతోంది. కుండీలో ఉన్నప్పుడు వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయని, వాటిని విడదీసి పెట్టామని ముసలావిడ సైగలు చేసి చూపించింది.

కాత్యాయని గడ్డపార పట్టుకుందే గానీ చెయ్యి ఆడలేదు. నిగార్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గడ్డపార వద్దని పక్కన పెట్టి, దుపట్టా నడుముకు బిగించి, వేళ్ళతో మట్టి తీయడం మొదలుపెట్టింది. కొంచెం తీసి ఆగుతోంది. వేరు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. తెగుతుందేమోనని పెదవి కొరుక్కుంటోంది.

"బల్ల మీద నేను పెట్టిన, నేనే తీసిస్తనక్కా."

"నువ్వు లే. చేతులు పాడవుతాయి."

"కానియ్యక్కా." తల ఎత్తకుండానే అంది నిగార్. "ఆ దినం నువ్వు నవ్వినవ్ గద. నేను ఇంట్లకు వోయి ఏడ్సిన. మొక్కల పిచ్చి నాకేడిదక్కా? నువ్వు వోయినంక ఎదురుంగ తలుపుకు తాళమే గద ఉండేది. నీది ఏదన్న ఒకటి ఉంటే, దాంతోనన్న మాట్లాడుకుందునని అడిగిన."

కాత్యాయని కూడా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. పదకొండో అంతస్తులో మొలకతో మాట్లాడిన మనిషికి ఆ మాట ఇంకొకరు విప్పి చెప్పాలా? అయినా ఇన్నాళ్ళూ తట్టలేదు. మొక్కకు దిక్కెవరని దిగులుపడిందే తప్ప, నిగార్‌కు తోడెవరని ఒక్కసారీ అనుకోలేదు. సిగ్గేసింది. ఆ పిల్ల మీద పట్టలేనంత ప్రేమా వచ్చింది.

వంగి, నిగార్ తీసిన మట్టిని రెండు చేతులతో మళ్ళీ పాదులోకి తోసేసింది.

"ఏం జేస్తున్నవక్కా?"

"ఉండనీ. ఇక్కడ వాన నీళ్ళు పోస్తుంది. నువ్వు పొయ్యకు. నువ్వు వచ్చి కబుర్లు చెబితే చాలు."

సుధాకరరావు అరిటాకులు విప్పాడు. బల్ల వద్దని అందరూ గడ్డి మీదే చతికిలబడ్డారు. ముసలావిడను కూడా రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు. నడినెత్తిన ఎండ. ఆ ఉసిరి నీడ ఒక్క విస్తరికి సరిపోయింది, అంతే. ఏటా ఆ చోటు కాత్యాయనిదే. ఈసారి అక్కడ నిగార్‌కు ఆకు వేసి, భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నువ్ కూర్చో అక్కా, నీ చెట్టు గద."

"వచ్చే ఏటికి రెండు విస్తళ్ళ నీడ వస్తుంది" అంది కాత్యాయని అన్నం వడ్డిస్తూ. "నేనున్నా లేకపోయినా, నా విస్తరి నీ పక్కనే వేసుంచు. ఇంకెవర్నీ కూర్చోనివ్వకు."

నిగార్ తలూపింది గానీ నోటి వెంట మాట రాలేదు. నోట్లో ముద్ద ఉందని తర్వాత బుకాయించింది. ఆమె ఆకులో అన్నం మీద అప్పటికింకా చెయ్యే పడలేదు.