మొగడే కొట్టిండని చెప్పిన

నా నోట్లె మన్నుబడ, ఆగుమంటె ఆగదు గీ నోరు. గందుకే దవాఖానల అందరు నన్ను లొడలొడ సాలమ్మ అంటరు. ఆడోళ్ల వార్డుల ఆయాను నేను. ఒళ్లు తుడిచేది నేనే, దొడ్డిగిన్నెలు ఎత్తిపోసేది నేనే.

పోలీసు యాక్షన్ అయ్యి ఏడాది దాటింది గని తుపాకులు పోలే. గసొంటి దినాలల్ల గోపమ్మ వచ్చి చేరింది. ఎడమ కాలు గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. నరంల నెత్తురు గడ్డకట్టిందట. అది కదిలితె పాణానికే మోసమని డాక్టర్ సాబ్ అన్నడు. పట్నం నుంచి కొత్త మాత్రలొచ్చినయి, నెత్తురు పల్చన చేసేటియి. అవి ఎవ్వలికి పడ్తయో ఎవ్వలికి పడవో ముందుగాల తెల్వదాయె. పోయిన నెల ఒకామె కడుపుల పుండున్నదని చెప్పక మింగింది, నెత్తురు కక్కి సచ్చిపోయింది. అప్పటిసంది సారు ఇడిసిపెడ్తలేడు, మాత్ర ఇచ్చే ముందు అన్నీ అడుగుతడు. చిగుర్ల నెత్తురొస్తదా? దొడ్డికి నల్లగ పోతదా? యాడన్న దెబ్బ తాకిందా?

"ఏం లేదు సారూ" అన్నది గోపమ్మ.

అబద్ధం! పొద్దుగాల ఒళ్లు తుడుస్తుంటె చూసిన. డొక్క కింద ఇంత మందాన కమిలిపోయి ఉన్నది. గిన్నెల చూస్తె తారు లెక్క నల్లగ. "గిదేందే పిల్లా?" అంటె నా చెయ్యి పట్టుకున్నది. పెనిమిటి మల్లన్న సంఘపోడు, అడివి పట్టి రెండేండ్లాయె. వాని జాడ చెప్పుమని పోలీసు క్యాంపుల తుపాకి మడమతోని పొడిచిన్రట. ఎట్లనో తప్పించుకొని, మాది చిట్యాల అని అబద్ధం రాయించి చేరింది. వార్డు తలుపు కాడ జవాను కుర్చేసుకొని కూసున్నడు, పక్క వార్డుల గాయపడ్డోళ్లకు కావలి.

"అక్కా, వాని చెవుల పడితె మళ్ల క్యాంపే. మాత్రకు సస్తె సస్త గని చెప్పకు" అన్నది. మంచం కాడ కూసున్న ఆమె అత్త నర్సింగమ్మ గూడ దండం పెట్టింది.

సరేనన్న. అన్న గని నిలవడబుద్ధి గాదు, కూసోబుద్ధి గాదు. ఊడ్చిన జాగనే నాలుగుసార్లు ఊడ్చిన. సారు చెవుల ఊదుదమంటె ఆయనకు చెవుడు, చెప్పిన మాటనే గట్టిగ మళ్ల అడుగుతడు. చెప్తె క్యాంపు, చెప్పకుంటె మాత్ర. యేసయ్యా, ఏం జెయ్యాలె?

అంతల్నే వార్డు నర్సు గోపమ్మ చేతిల మాత్ర పెట్టింది.

"మింగకే!" అని ఒర్రిన. "సారూ, ఆమెకు నల్లగ పోతున్నది. కడుపుల దెబ్బున్నది."

"ఎవరు కొట్టిన్రు?" సారు గట్టిగ అడిగిండు.

వార్డంత నన్నే చూస్తున్నది. దెబ్బలు తిని వచ్చిన ఆడోళ్లకు దినాం రాయించే మాటనే నోట్లకొచ్చింది. "ఇంకెవ్వడు సారూ, మొగడే. మొన్న కల్లు తాగొచ్చి."

సారు మాత్ర గుంజుకున్నడు. "ఇది మింగుంటె రేపటికి ఉండకపోదువు" అన్నడు. హమ్మయ్య అనుకున్న.

జవాను లేచి గోపమ్మ మంచం కాడికొచ్చిండు. కోస్తా దిక్కు మనిషి. "ఏమ్మా, మొగుడు రెండేళ్లుగా కనబడలేదని చేరేటప్పుడు నా ముందే రాయించావుగా? మరి మొన్నెలా కొట్టాడు? ఎక్కడున్నాడు?"

మంచి చెయ్యబోయి మల్లన్నను పట్టిచ్చిన. నన్ను నేనే చెప్పుతోని కొట్టుకోవాలనిపిచ్చింది.

గోపమ్మ మెల్లగ లేచి కూసున్నది. అన్ని మంచాలోళ్లకు ఇనబడేటట్టు చెప్పింది. "మొగడు గాదు. మొగడు లేడని ఇంకొకన్ని పెట్టుకున్న. వాడు కొట్టిండు."

జవాను నవ్విండు. థూ అని ఊసి, పోయి కుర్చీల కూసున్నడు.

నర్సింగమ్మ దిగ్గున లేచింది. "ముండా! నా కొడుకు ఇజ్జత్ తీసినవు గదనే! మళ్ల నా గడప తొక్కినవో!" నెత్తి బాదుకుంట బయటికి పోయింది. పక్క మంచమామె తన మంచం దూరం జరుపుకున్నది.

నేను ఎనకనే ఉరికిన. ముసల్ది నిజమనుకున్నదేమో, చెప్పకపోతె ఎట్ల? గోడ చాటుకు నిలవడి, కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తున్నది. నన్ను చూసి కొంగు తీసింది.

"నా కోడలికి గా మాత్ర మళ్ల ఇయ్యలే గద బిడ్డా?" అన్నది.